సుల్తానా మేడమ్ తెచ్చిన తేలిక క్యాసెట్

నిన్న సాయంత్రం మా బడి మైదానంలో ఒక అమ్మాయి గేర్ల సైకిల్ మీద లేచి నిలబడి, ఒంట్లో ఉన్న బరువంతా పెడల్ మీద వేసి తొక్కింది. వెనక చక్రం దగ్గర చైను టక్కుమని ఒక పన్ను దాటి జారింది. పక్కన కబడ్డీ పిల్లల అరుపులు, గోడ అవతల ఆటోల హారన్లు. అంత గోలలో ఆ చిన్న శబ్దం ఇంకెవరికీ వినపడి ఉండదు. నాకు మాత్రం వినపడింది. "దిగు! ముందు దిగు!" అని కేకేసుకుంటూ పరుగెత్తాను. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది, తనేం తప్పు చేసిందో తెలియక. దగ్గరికెళ్ళి వెనక చక్రం పట్టుకుని పళ్ళు వేలితో తడిమి చూశాను. కరీంనగర్లో వ్యాయామం టీచరుగా ఇన్నేళ్ళు చేశాను, ఎన్నో దెబ్బలు చూశాను. ఆ ఒక్క శబ్దానికి మాత్రం ఇంకా అలవాటు పడలేదు.

అది వినగానే సుల్తానా మేడమ్ గుర్తొస్తుంది. మంచిర్యాలలో నేను చదివిన బడికి ఆమె పీఈటీ. సన్నగా, పొడవుగా ఉండేది. సల్వార్ కింద తెల్ల కాన్వాస్ బూట్లు, మెడలో విజిల్. తిట్టడం తెలుగులో మొదలుపెట్టేది, కోపం ముదిరితే ఉర్దూలోకి దిగేది. ఉర్దూలోకి దిగిందంటే మేం గప్‌చుప్. మెచ్చుకోవడమన్నది ఆమె నోటి వెంట ఎన్నడూ రాలేదు. జిల్లా పోటీల్లో నేను మొదటి స్థానం తెచ్చుకున్న రోజున కూడా, "గా మలుపు కాడ బ్రేకు ఎందుకు పట్టినవ్?" అనే అడిగింది. నాకూ కోపం తక్కువేం కాదు. ఇద్దరం ఉప్పూ నిప్పూలా ఉండేవాళ్ళం. అయినా పొద్దున్నే చెన్నూరు రోడ్డు మీద ఆమె తన పాత స్కూటీ మీద, నేను ఎవరో సీనియర్ వదిలేసిన రేసు సైకిల్ మీద, బొగ్గు టిప్పర్ల దుమ్ములో కలిసి పోయేవాళ్ళం.

ఆ ఏడు కరీంనగర్లో రాష్ట్ర జట్టుకు ఎంపికలు జరగాలి. మా వయసు వాళ్ళలో ఇద్దరికే చోటు. మరుసటి ఏడు నాకు వయసు దాటిపోతుంది, అంటే అదే మొదటిదీ, అదే ఆఖరుదీ. రాష్ట్రం బనియన్ వేసుకోవడం తప్ప నాకు వేరే ధ్యాస లేదు. నిద్రలో కాళ్ళు ఆడిస్తున్నానని, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ నా పక్కన పడుకోవడమే మానేసింది. రేసు బాటలో గ్రానైట్ క్వారీల దగ్గర ఒక ఎత్తు ఉంది. ఎవరు నిలుస్తారో, ఎవరు రాలిపోతారో అక్కడే తేలుతుందని అందరికీ తెలుసు. నేను రాలిపోయే రకాన్నే. చదును మీద ఎవరికీ అందను గానీ, ఎత్తు వస్తే ఊపిరి అందేది కాదు.

అందుకని మేడమ్ తేలిక క్యాసెట్ వెతికింది. పాటల క్యాసెట్ కాదు. వెనక చక్రం నడుమ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉండే పళ్ళ చక్రాల దొంతరను క్యాసెట్ అంటారు. నా సైకిల్‌కు ఉన్నది మొత్తం ఉక్కుది, చేత్తో పట్టుకుంటే పచ్చడి బండలా ఉండేది. హైదరాబాదులో తెలిసినవాళ్ళ చేత మేడమ్ తెప్పించినదానిలో చిన్న చక్రాలు ఉక్కువే, పెద్దవి మాత్రం అల్యూమినియంవి. రెండిటినీ ఒక సంచీలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బజారులో తనకు తెలిసిన బంగారు దుకాణానికి తీసుకెళ్ళింది. "జర తూకం వేసి చూపియ్యన్నా" అంటూ గ్రీజు మరకల ఉక్కు దొంతరను తీసి గాజు బల్ల మీద పెట్టింది. ముక్కుపుడక చూస్తున్న పెళ్ళివారు పక్కకు జరిగారు. షేటు మొహం మాడ్చుకున్నాడు గానీ, ఆయన బిడ్డ కూడా మేడమ్ దగ్గరే ఖోఖో ఆడేది, కాదనలేకపోయాడు. తరాజులో తేడా చూసి మేడమ్ కళ్ళు మెరిశాయి. "చూస్తున్నవా? గింత బరువు ఎత్తు మీద మోసుకపోవుడు తప్పింది నీకు" అంది. నా జన్మలో ఆమె అంత సంబరంగా మాట్లాడింది అప్పుడే.

బయటికి వచ్చాక మళ్ళీ మామూలు గొంతు. "తేలికది నాజూకుగ ఉంటది. ఉక్కులెక్క మొండిది కాదు. రోజు పొడిగుడ్డతోని తుడువాలె, చైనుకు నూనె సుక్కలు సుక్కలే వెయ్యాలె. అర్థమైందా?" అర్థమైందన్నాను. అర్థం కావలసింది నా ఒక్కదానికే కాదని ఇద్దరికీ తట్టలేదు.

మా బాపు గనిలో హాలేజీ నడిపేవాడు. బొగ్గు టబ్బులను వాలు మీద నుంచి పైకి లాగే ఇనుప తాడు ఆయన చేతి కింద ఉండేది. షిఫ్టు ఎక్కగానే తాడును చూసుకోవడం, పొడిగా కనిపించిన చోటల్లా నల్లటి చిక్కటి గ్రీజు పట్టించడం ఆయనకు దేవుడికి దీపం పెట్టడమంత నిష్ఠ. తాడు తెగితే టబ్బులు వెనక్కి దొర్లుతాయి. కింద మనుషులుంటారు. ఆయన కళ్ళముందు అలాంటిది ఒకటి జరిగిందని అవ్వ చెప్పేది, ఆయన మాత్రం ఎన్నడూ చెప్పలేదు. లోకంలో పొడిగా తిరిగే ఇనుము ఏది చూసినా ఆయనకు గుండె దడ. కుట్టుమిషను, బావి గిలక, తలుపు బందులు, అన్నిటికీ ఆ గ్రీజే.

ఎంపికల ముందు నెలంతా మేడమ్‌కు చెన్నూరులో పరీక్షల డ్యూటీ పడింది. కొత్త క్యాసెట్ బిగించి, "అలవాటు చేస్కో, దీని మీదనే తొక్కు" అని చెప్పి వెళ్ళిపోయింది. నేను ఒక్కదాన్నే తొక్కాను. ఇంటికొచ్చి సైకిల్ గోడకు ఆనించి పడుకుంటే, బాపు డ్యూటీ నుంచి వచ్చి దాని ముందు గొంతుక్కూర్చునేవాడు. పళ్ళ సందు సందునా వేలితో గ్రీజు దట్టించేవాడు. మేడమ్ చెప్పింది చెప్పాను. "మేడమ్‌కు సైకిల్ తెలుస్తది బిడ్డా. తిరిగే ఇనుము సంగతి నాకు తెలుస్తది" అన్నాడు. ఆయన అంత ప్రేమగా చేస్తుంటే, నిజంగా మంచిదేనేమో అనుకున్నాను. మా రోడ్ల మీద బొగ్గు దుమ్ము గాలిలో భాగం. అది వచ్చి ఆ గ్రీజులో పడి, సానరాయి పిండిలా తయారై, ఉక్కును వదిలేసి మెత్తటి అల్యూమినియం పళ్ళను రోజూ కొంచెం కొంచెంగా నమిలేసింది. పైన నల్లటి పూత ఉండటంతో ఎవరికీ ఏమీ కనపడలేదు.

ఎంపికల ముందు రోజు మేడమ్ చెన్నూరు నుంచి ఉరుకులు పరుగులతో వచ్చింది. పెద్ద రేసు ముందు కొత్త చైను వేయడం ఆమె పద్ధతి. పాత చైను తీసి తన వరండాలో మేకుకు తగిలించింది. "గింత నలుపేంది?" అని ఒక గుడ్డతో పైపైన తుడిచి, కొత్తది వేసి చేత్తో తిప్పి చూసింది. చడీచప్పుడు లేదు. కాలి బరువు పడితే గానీ బయటపడని రోగం అది. సాయంత్రం బస్సు పైన సైకిల్ కట్టాలి, తొక్కి చూసే తీరిక లేకపోయింది. రాత్రికి కరీంనగర్లో మేడమ్ చిన్నమ్మ ఇంట్లో దిగాం. బాపు డ్యూటీ దిగి తెల్లారి మొదటి బస్సుకు వస్తానన్నాడు.

పొద్దున బైపాస్ రోడ్డు మీద నంబరు గుడ్డ వీపుకు కట్టుకుని ఒళ్ళు వేడెక్కించుకోవడానికి తొక్కుతున్నాను. క్వారీ ఎత్తుకోసమని పెద్ద చక్రం మీదికి గేరు మార్చి, లేచి నిలబడి తొక్కాను. టక్! కాలు ఒక్కసారిగా శూన్యంలోకి దిగిపోయి, మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది. పడబోయి ఎలాగో ఆపుకున్నాను. మళ్ళీ తొక్కాను. మళ్ళీ టక్. మేడమ్ దూరం నుంచే విన్నది. పరుగున వచ్చి, రోడ్డు పక్కన సైకిల్ తలకిందులు చేసి, తన సంచీలోని గుడ్డతో పళ్ళ సందులన్నీ గట్టిగా రుద్దింది. నలుపు పోయాక పళ్ళు బయటపడ్డాయి. కొడవలి మొనల్లా ఒక పక్కకు వంగి, సన్నగా అరిగిపోయి ఉన్నాయి. అరిగిన పళ్ళ మీద అరిగిన చైను ఎలాగో నడుస్తుంది, కొత్త చైను నిలవదు. పాత చైనేమో మంచిర్యాలలో మేకుకు వేలాడుతోంది. మైకులో నంబర్లు పిలవడం మొదలైంది.

మేడమ్ ప్రతి జట్టు దగ్గరికీ వెళ్ళింది. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు, ఆ రోజు అడిగింది. కరీంనగర్ జట్టు కోచ్ తమ చక్రం తెచ్చి పక్కన పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఇస్త మేడమ్, నాకేం? గానీ మీ గేర్లకు ఇది కూసోదు." ఆమె తిరిగి వస్తుంటే ఆ నడకలోనే నాకు అర్థమైంది. ఎదురు పరుగెత్తాను.

"చిన్నయి ఉక్కువే గద మేడమ్! వాటి మీదనే తొక్కుత. పెద్దయి ముట్ట. ఒట్టు!"

"ఎత్తు మీద ముందటి పిల్ల పోతుంటే నీ ఏలు ఆగుతదా? నేను నిన్ను ఎరుగనా?"

"పడితే నేనే పడ్త! నా కాళ్ళు, నా ఇష్టం!"

"నువ్వొక్కదానివే పడవు. నీ వెనక పిల్లలుంటరు, వాళ్ళు నీ మీద పడ్తరు. వాళ్ళ అవ్వలకు నేనేం చెప్పాలె?" అంటూనే నా వీపు మీది ముడి విప్పింది. నేను గింజుకున్నాను. ఆమె చెయ్యి వదల్లేదు. నంబరు గుడ్డ ఊడదీసి, మడిచి, నిర్వాహకుల బల్ల మీద పెట్టి వచ్చింది. ఆ క్షణంలో నాకు ఆమె మీద పుట్టినంత ద్వేషం ఇప్పటి వరకూ ఎవరి మీదా పుట్టలేదు. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను. విజిల్ ఊదారు. అందరూ కదిలిపోయారు. రోడ్డు ఖాళీ అయింది.

అప్పుడు వచ్చాడు బాపు, చేతిలో సద్ది డబ్బాతో, బస్సు దిగి పరుగెత్తినట్టున్నాడు. రేసు కదిలిపోయినా నేనింకా రోడ్డు పక్కనే ఉండటం చూసి ఆగిపోయాడు. తలకిందులుగా ఉన్న సైకిల్ వైపు చూశాడు. మేడమ్ ఆ నల్లగుడ్డను చేతిలో ఉండ చుట్టి చప్పున సంచీలో కుక్కడం నేను చూశాను.

"ఏమైంది మేడమ్? గేర్లు పోయినయా?" సద్ది డబ్బా కింద పెట్టాడు. "నేను జర గ్రీజు తక్కువ పెట్టిన్నా?"

నేను నోరు తెరిచాను. మేడమ్ నా భుజం పట్టుకుంది, ఎముక నొప్పెట్టేంత గట్టిగా.

"లేదన్నా. మీరు పెట్టింది సరిపోయింది. తప్పు నాది. తేలికదని నేనే ఏరి తెచ్చిన. గిసొంటి రోడ్లకు ఆగే సామాను కాదది."

బాపు ఊపిరి వదిలాడు. భయం దిగిపోగానే కోపం ఎక్కింది. పదిమందిలో ఆమెను ఎంత మాట పడితే అంత మాట అన్నాడు. నా బిడ్డ ఏడాది కష్టం మట్టిపాలు చేసినవన్నాడు. తెల్వకుంటే తెల్వదని చెప్పాలెనన్నాడు. ఎవరైనా ఒక్క మాట అంటే పదిమాటలు అప్పగించే మనిషి, తల దించుకుని "అవునన్నా" అంటూ నిలబడింది.

తిరుగు బస్సులో బాపు ముందు సీట్లో కూర్చుని కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. మేడమ్ నా పక్కన కూర్చుంది. నేను మొహం తిప్పుకున్నాను. ఆమె నా చెవి దగ్గరికి వంగి, ఇంజిన్ మోతలో నాకొక్కదానికే వినపడేలా చెప్పింది. "రేపు మీ బాపు మళ్ళ గా తాడు ముట్టాలె. తన చేతి గ్రీజే తప్పైందని ఎరుక చేస్తే, ఆయన చెయ్యి అనుమానంల పడ్తది. గా తాడు కింద మనుషులున్నరు. నన్ను తిట్టుకుంటే ఏం పోతది? నువ్వు చెప్పకు." సంచీ ఒళ్ళోకి లాక్కుని, "తొక్కి చూడకపోవుడు నా తప్పే. గందుకని నేను చెప్పింది పూరా అబద్ధం కాదు" అంది.

ఆ మాట మా గని కార్మికుల కాలనీ అంతా పాకింది. మేడమ్‌కు సామాను ఏరుకోవడం తెలియదని, పిల్లల రేసులు చెడగొడుతుందని అన్నారు. కొందరు తమ ఆడపిల్లలను మాన్పించారు. ఆమె ఎవరికీ బదులు చెప్పలేదు. మా ఇంటికొచ్చి, బాపు మొహం ముడుచుకున్నా పట్టించుకోకుండా, ఒక చిన్న నూనె సీసా ఆయన చేతిలో పెట్టి, "కొత్తగ గిదే వెయ్యుమంటుండ్రన్నా. మీ గ్రీజు గని తాడుకే ఉండనియ్యుండ్రి" అని చెప్పి వెళ్ళింది. నా సైకిల్‌కు మళ్ళీ ఉక్కు క్యాసెట్ బిగించింది. రాష్ట్రం బనియన్ నేను వేసుకోలేదు. ఆ రోజు బయలుదేరి ఉంటే పడేదాన్నో, గెలిచేదాన్నో ఇప్పటికీ తెలియదు. ఆ కోపం నాలో పూర్తిగా చల్లారిందని కూడా చెప్పలేను.

మొన్న చలికాలంలో మేడమ్ పోయింది. బాపు రిటైరై చాలా కాలమైంది. ఇక తాడు లేదు, తాడు కింద మనుషులు లేరు. నిజం చెప్పేయొచ్చు. మంచిర్యాలలో ఆమె ఇంటి ముందు షామియానా కింద బాపూ, నేనూ కూర్చున్నప్పుడు ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె మీద పడిన నింద ఆమెతో పాటు మట్టిలోకి పోకూడదనిపించింది. అంతలో బాపు మేడమ్ తమ్ముడి వైపు తిరిగాడు.

"మంచి మనిషి. గా ఒక్క సామాను కాడనే మోసపోయింది" అన్నాడు. ముడతలు పడ్డ తన కుడిచేతిని ఒళ్ళో తిప్పి చూసుకున్నాడు. "నేను హాలేజీ నడిపినన్ని దినాలు ఒక్క తాడు తెగలే. మా పిల్ల సైకిల్‌కు సుత గదే గ్రీజు పెట్టేటోన్ని. గుర్తున్నదా బిడ్డా?"

"గుర్తున్నది బాపూ" అన్నాను.