తెల్లగా ఉన్నదంతా మురికే అనుకున్న రోజులు

ఆ రోజుల్లో గిన్నె శుభ్రపడటమన్నది తోమేవాడి రెక్కల బలాన్ని బట్టి ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. మొన్న మా కోడలు గిన్నెలు కడిగే మిషను కొని, దాని మీటలు ఒక్కొక్కటీ చూపిస్తూ "ఇది మామూలు అంట్లకి మామయ్యా, ఇదేమో బాగా మాడిపోయిన వాటికి" అంది. ఆ రెండోది నొక్కితే లోపల ఏ ఇటుకపొడో రాలి బరబరా రుద్దుతుందేమోనని తలుపుకి చెవి ఆనించి విన్నాను. అలాంటిదేమీ లేదు. నీళ్ళు ఇంకాస్త వేడెక్కుతాయిట, ఇంకాస్త ఎక్కువసేపు పడతాయిట, అంతే. (ఆ "అంతే" నా బుర్రకెక్కడానికి అప్పట్లో ఒక మంచి గిన్నె బలైంది. ఇంకొంచెమైతే మా ఆవిడ కూడా పుట్టింటికి ఉయ్యూరు వెళ్ళిపోయేది.)

డెబ్బైల్లో మేం భవానీపురంలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నేను లారీ ఆఫీసులో గుమాస్తాని. మా ఆవిడకి ఒకసారి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పాక డాక్టరమ్మ "మంచం దిగావంటే నా దగ్గరికి రావద్దు" అని కళ్ళెర్రజేసింది. సరిగ్గా అప్పుడే పనిమనిషి కోతలకని ఊరెళ్ళి అక్కడే ఉండిపోయింది. మా అత్తగారు ఉయ్యూరు నుంచి కబురు పెట్టారు: "ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక వస్తాను. ఇల్లు చూస్తాను. అల్లుడుగారి వల్ల కాదనిపిస్తే పిల్లని తీసుకుపోతాను." ఆ డాక్టరమ్మని వదిలి వెళ్ళడం మా ఆవిడకి భయం. మా ఆవిడ లేకుండా ఆ రెండు గదుల్లో ఉండటం నాకు భయం. నా భయం సంగతి మాత్రం నేను బయటికి చెప్పలేదు. "ఇల్లు నడపడమెంత, లారీలే నడిపిస్తున్నాం" అని గొప్పలు పోయాను.

అంట్లు పెరట్లో కుళాయి దగ్గర తోమాలి. మొగాడు అక్కడ పీట వేసుక్కూర్చోవడం ఆ వీధికి వింత. ఇంటిగలావిడ రోజూ పనిగట్టుకుని వచ్చి, "ఏం బాబూ, లారీ ఆఫీసు మూసేశారా?" అని అడిగి వెళ్ళేది. నేను తల కిందికి దించుకుని, కాఫీ గ్లాసుకి, పులుసు గిన్నెకి తేడా లేకుండా అన్నిటినీ ఒకే కసితో తోమేవాణ్ణి.

శనివారం సాయంత్రం పప్పు మాడబెట్టాను. అదీ ఎందులో? పెళ్ళికి అత్తగారు పెట్టిన ఇత్తడి గిన్నెలో. అడుగున బొగ్గు అట్టలా కట్టుకుపోయింది. మంచం మీది నుంచి మా ఆవిడ "ఏమండీ, వేణ్ణీళ్ళు పోసి పొద్దుటిదాకా వదిలెయ్యండి. నానితే దానంతటదే ఊడొస్తుంది" అంది. నాకు నవ్వొచ్చింది. నానబెట్టడం బద్ధకస్తుల పని. ఇటుకపొడి, ఇసుక, చింతపండు, కొబ్బరిపీచు తీసుకుని కుళాయి దగ్గర యుద్ధానికి దిగాను. మాడు వదిలింది. దాని కింద తెల్లగా ఇంకో పొర! ఓహో, ఇన్నాళ్ళూ ఆడవాళ్ళు దీన్ని వదలగొట్టలేకపోయారన్నమాట అనుకుని, చేతులు బొబ్బలెక్కేదాకా రుద్దాను. చివరికి లోపలంతా పసుపుపచ్చగా, పెళ్ళికూతురి బుగ్గలా మెరిసింది. దాన్ని వంటింటి గుమ్మంలోంచి చూస్తే మొట్టమొదట కనబడేలా, లోపలి వైపు బయటికి తిప్పి నిలబెట్టాను.

ఆదివారం అత్తగారు వచ్చారు. కూతురి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకున్నారు. కళ్ళు తెరవగానే గిన్నె కనబడింది. నేను ఎదురుచూసిన క్షణం.

"అల్లుడుగారూ, ఇందులో కళాయి ఏమైందండీ?"

"కళాయా అండీ?"

"లోపల తెల్లటి పూత ఉంటుంది చూడండి."

"అది... మురికి కాదా అండీ?"

ఆవిడ గిన్నె చేతిలోకి తీసుకున్నారు. "ఉత్తి ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే కిలుమెక్కుతుంది నాయనా. అది తింటే వట్టిమనిషికే వాంతులు. ఈ స్థితిలో దీనికి పెట్టి ఉంటే?"

ఆ మధ్యాహ్నం ఆ గిన్నెలోనే పులుసు పెడదామని చింతపండు నానేసి ఉంచాను. ఆ మాట నేను చెప్పనక్కర్లేకపోయింది, పొయ్యి పక్కనే కనిపిస్తోంది. అప్పటిదాకా నా మనసులో ఉన్నదంతా పరువు. లోపల ఒక ప్రాణం పెరుగుతోందన్న సంగతి నాకు నిజంగా తెలిసింది ఆ క్షణానే. అత్తగారు దండెం మీది చీరలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టారు. నేను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను. "తీసుకెళ్ళండి అత్తయ్యగారూ. నా వల్ల కాదు" అన్నాను. పెళ్ళయ్యాక నేను ఆడిన మొదటి నిజం అదే అనుకుంటాను.

మంచం మీది నుంచి మా ఆవిడ అంది: "నేను రానమ్మా."

"ఇంత జరిగాక కూడానా!"

"ఇంత జరిగింది కాబట్టే. ఇప్పుడు గిన్నెకున్న పూత గీకేశారు. నన్ను తీసుకుపోతే, వచ్చేసరికి గోడలకున్న సున్నం కూడా మురికేనని తోమేసి కూర్చుంటారు. ఇంటిగలావిడకి ఎవరు సమాధానం చెబుతారు?"

అత్తగారు నవ్వాపుకోవాలని చూశారు, కుదరలేదు. చీర కొస వదిలేసి కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "సరే, మీ నాన్నకి కబురంపించు, నేనే ఉండిపోతాను. ఈయన్ని ఒంటరిగా వదిలితే పాపం" అన్నారు. ఆ పాపం నాదో, గిన్నెలదో ఆవిడ చెప్పలేదు. కాన్పయ్యేదాకా మాతోనే ఉన్నారు. ఏ అంటుకి బూడిద, దేనికి ఉత్త నీళ్ళు, దేనికి ఓపిక అన్నది ఒక్కొక్కటిగా నేర్పారు. మా పెద్దాడు క్షేమంగా పుట్టాడు.

మా ఆవిడ ఉండిపోయింది నా సమర్థత చూసి కాదని తెలుసుకున్నాక నాకు చాలా విషయాలు తేలికయ్యాయి. ఇప్పటికీ పాలగిన్నె మాత్రం మిషన్లో వెయ్యనివ్వను, అది నేనే కడుగుతాను. కడిగి, అడుగున ఒక పక్క సన్నటి మీగడ చార వదిలేస్తాను. మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని దాన్ని వెలుతురుకి పట్టి, "ఇన్నేళ్ళొచ్చినా మీకు గిన్నె కడగడం రాలేదండీ" అంటూ వచ్చి నా పక్కన నిలబడుతుంది. రాలేదు మరి. వచ్చేసిందని తెలిస్తే అటు పక్క గదిలోనే కూర్చుండిపోతుందేమోనని, ఈ ముసలాడికి ఇంకా భయం.