గేదెకు సూది పడిన రోజు

మార్చి తొమ్మిది, సోమవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు నా తలలో రక్తనాళం చిట్లింది. సమయం అంత కచ్చితంగా ఎలా తెలుసని అడిగేవాళ్ళకు ఒకటే జవాబు. పాలు పొయ్యి మీద పెట్టినప్పుడల్లా నేను గడియారం చూస్తాను. ఆ రోజు ఏడూ పదహారుకు పెట్టాను. మా గిన్నెకు, మేం పెట్టే మంటకు, పొంగు రావడానికి ఆరు నిమిషాలు పడుతుంది. ఆ పొంగు నేను చూడలేదు.

అంతకుముందు పది రోజులుగా కుడి కంటి వెనక పోటు ఉండేది. ఊళ్ళో మందులిచ్చే ఆయన గ్యాసు అన్నాడు. మా అబ్బాయి ఎండ అన్నాడు. కోడలు, "ఊరికే లెక్కలేసుకుంటావత్తా, తలపోటు రాక ఏటవుతాది?" అంది. నాకు డెబ్బై ఒకటి నిండాయి. గ్యాసుకూ ఎండకూ లెక్కలకూ ఎవరి నాళమూ చిట్లదని విశాఖపట్నంలో డాక్టరు చెప్పేదాకా నాకు జరిగింది ఈ ముగ్గురి వైద్యమే.

అక్కడ తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, సన్నని గొట్టాన్ని తల దాకా ఎక్కించి, నాళం బుడగలా ఉబ్బిన చోట వెంట్రుక లాంటి తీగను చుట్టలు చుట్టి నింపారట. తల కొయ్యలేదు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, ఇంటికి వచ్చాక నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ ముందు నా నెత్తి వైపే చూశాడు. కుట్లు కనబడకపోయేసరికి మొహం చిన్నబుచ్చుకున్నాడు. పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఉగాది అక్కడే పోయింది. మార్చి ఇరవై ఎనిమిది, శనివారం, చీపురుపల్లికి ఆరు కిలోమీటర్ల దూరంలోని మా ఊరికి, మా ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు.

మొదటి పదహారు రోజుల్లో నలభై ముగ్గురు వచ్చారు. అందులో ముప్పై ఒక్కమంది నన్ను పరీక్ష పెట్టారు. చెప్పులు విప్పకముందే గుమ్మంలోంచి, "నానెవుల్నో సెప్పు సూద్దాం" అనడం. నేను వాళ్ళ పేరు చెబితే పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి, "గురుతుపట్టీసినాది!" అనడం. కుక్కపిల్ల చెయ్యి అందించినప్పుడు అలాగే సంబరపడతారు. ఒకటి రెండు సార్లు ఊరుకున్నాను. కళింగపట్నం నుంచి మా ఆడపడుచు వచ్చేసరికి ఓపిక అయిపోయింది. ఉప్పు తగ్గించమన్నారని తెలిసి కూడా సంచీ నిండా ఎండు చేపలు తెచ్చింది.

"వదినా, నానెవుల్నో సెప్పు" అంది.

"నా పెళ్ళినాడు పప్పులో ఉప్పు నేదని బంతిలోంచి నేచిపోనావు సూడు, ఆ మనిసివి" అన్నాను. "అప్పుడు నేకపోయిన ఉప్పంతా ఇప్పుడు సంచీలో ఏసుకొచ్చినావు."

ఆవిడ మా కోడలి వైపు తిరిగి, "బుర్ర బాగానే ఉన్నాదే. నోరు కూడా పోనేదు" అంది. ఆ సంచీ మూడు రోజులు వంటింట్లో వేలాడింది. వాసన తప్ప నాకేమీ దక్కలేదు.

వంగకూడదు, బరువు ఎత్తకూడదు, మనసుకు ఒత్తిడి ఉండకూడదు అని డాక్టరు మూడు మాటలు చెప్పాడు. మొదటి రెండూ నాకు చెప్పాడు. మూడోది మా అబ్బాయికి చెప్పాడు. వాడు ఇంటికి వచ్చి చేసిన మొదటి పని గోడ మీది కేలండరు తీసెయ్యడం, పెన్సిలు దాచెయ్యడం. ఈ ఇంట్లో నలభై ఏళ్ళుగా తేదీలు చూసేది నేను. ఊడ్పులు ఎప్పుడు పడ్డాయి, ఏ చేలో ఎన్ని కుంచాలు రాలాయి, ఏ పశువుకు ఎప్పుడు చూడి కట్టడానికి సూది వేయించాం, ఎప్పుడు ఈనుతుంది, అన్నీ కేలండరు గడుల్లోనే. వాటిని తీసేసి మనశ్శాంతి అన్నారు.

నిజం కూడా రాయాలి. నేను మునుపటిలా లేను. మిక్సీ తిప్పితే ఆ చప్పుడు పుర్రె లోపల తిరిగేది. స్నానం చేసి వచ్చి జుట్టు ఆరకముందే నిద్ర ముంచుకొచ్చేది. ఆస్పత్రిలో నూటిలోంచి ఏడేడు చొప్పున తీసుకుంటూ పొమ్మన్నారు. ఇంటికి వచ్చాక రోజూ ఎవరికీ వినబడకుండా అదే లెక్క చేసేదాన్ని. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు, అరవై అయిదు. ఒక మధ్యాహ్నం అరవై అయిదు దగ్గర ఆగిపోయాను. తరవాతి అంకె ఎంతకీ రాలేదు. సాయంత్రం తల దువ్వుకుంటుంటే వచ్చింది, యాభై ఎనిమిది. ఎవరికీ చెప్పలేదు.

గేదె సంగతి ఏప్రిల్ ఇరవైన మొదలైంది. చూడి గేదెను ఈనడానికి అరవై రోజుల ముందు పితకడం మానెయ్యాలి. లేకపోతే కడుపులో దూడకు పోవాల్సిన బలం చెంబులోకి వస్తుంది. దూడ నీరసంగా పుడుతుంది, ఆ ఈతకు పాలూ ఉండవు. మా గేదెకు సూది పడింది వినాయక చవితి మర్నాడు, ఆగస్టు ఇరవై ఎనిమిదిన. గేదెకు పది నెలల పది రోజులని ఊరంతా అంటారు. నా లెక్క మూడు వందల పది రోజులు. నెలలన్నీ ముప్పై రోజులవి కావు కనక రెండూ ఒకటి కావు, కానీ ఆ తగువు ఇక్కడ వద్దు. నా లెక్కకు జూలై నాలుగు. మే అయిదుకల్లా పితకడం ఆపాలి. మా అబ్బాయి జూట్ మిల్లు నుంచి రాగానే ఆ మాట చెప్పాను.

"జూలై కాదమ్మా, సెప్టెంబరు" అన్నాడు.

"ఎవుడు సెప్పినాడు?"

"నువ్వే."

ఫోను తీసి చూపించాడు. మార్చి పదహారున రాసుకున్నాడు: గేదెకి కార్తీక పౌర్ణమినాడు సూది. ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చుని అడిగాడట, నేను చెప్పానట. నాకా రోజు గుర్తే లేదు. కార్తీక పౌర్ణమినాడు సూది పడింది అప్పట్లో మాకున్న పెయ్యకు. జనవరిలో దాన్ని అమ్మేశాం.

"ఆ రోజు నానింకేటి సెప్పినాను?" అని అడిగాను.

వాడు ఫోను జేబులో పెట్టుకుంటూ, "మీ యమ్మకి అన్నం పెట్టమన్నావు" అన్నాడు.

మా అమ్మ పోయి ముప్పై నాలుగేళ్ళు. వాడు ఆవిడకు అన్నం పెట్టలేదు కదా! ఆ మాట జబ్బు మాట అని తెలిసింది. గేదె మాట మాత్రం ఫోనులో రాసుకున్నాడు. ఒళ్ళు తెలియని నేను చెప్పింది రాత, ఒళ్ళు తెలిసిన నేను చెప్పేది వాగుడు. పశువుల డాక్టర్ని పిలిపించమన్నాను. "నీ మాట పట్టుకుని పిలిస్తే నవ్వుతాడమ్మా. బుర్రకి రెస్టియ్యి" అన్నాడు. కోడలు కూడా, "పెద్ద గేదె అత్తా, పొట్ట అలాగే ఉంటాది" అంది. గేదెకు సూది వేయించిన వారం ఆమె నౌపడలో పుట్టింట్లో ఉంది. అది గుర్తు చేస్తే మొహం తిప్పుకుంది.

పోనీ, గేదెను ఎవరి కోసం పితుకుతున్నారు? నా కోసం. పూటకు ముప్పావు లీటరు కూడా ఇవ్వని దాన్ని పిండి, నాకు బలం రావాలని రెండు పూటలా గ్లాసు నిండా కాచి తెచ్చేవాళ్ళు. మే అయిదు ఉదయం నుంచి నేను పాలు ముట్టలేదు. "తాగను" అన్నాను. సాయంత్రమూ అన్నాను. మర్నాడు గ్లాసు మంచం దగ్గర పెట్టి వెళ్తే చేత్తో తోసేశాను. స్టీలు గ్లాసు గచ్చు మీద దొర్లి చేసిన చప్పుడుకు నా తలే పగిలినంత పనైంది. ఆ పాలు గేదెవి, దాని కడుపులో దూడవి. నావి కావు.

దాంతో మా అబ్బాయి విశాఖపట్నం డాక్టరుకు ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు. నేను పక్క గదిలోనే ఉన్నాను. "తిండి మానేస్తన్నాది సార్. కోపం ఎక్కువైపోనాది" అని చెప్పాడు. ఈ జబ్బు తరవాత కోపం రావడం మామూలేనని, మెల్లగా తగ్గుతుందని, ఎదురు చెప్పవద్దని ఆయన అన్నాడు. నేను అడిగింది గేదెను ఎందుకు పితుకుతున్నారని. నా కోపానికి మాత్రం జబ్బు పేరు దొరికింది. ఇక నేను ఏం అరిచినా తలూపి ఊరుకున్నారు. ఎదురు చెప్పేవాడి మీద కోపం ఒక దారికి వస్తుంది. తలూపేవాడి మీద కోపం ఎక్కడికీ పోదు, అక్కడే కుళ్ళుతుంది.

ఆ మధ్యాహ్నం పడుకుని ఆలోచించాను. నాకే అనుమానం వచ్చింది. అరవై అయిదు దగ్గర ఆగిపోయిన తల ఇది. కార్తీక పౌర్ణమి అన్నది ఈ నోరే. ఆస్పత్రిలో చెప్పిందే నిజమైతే? మరి రెండు నెలలు గడిచాక గాని తేలదు. నేను చెప్పింది తప్పయితే ఇకమీదట ఈ ఇంట్లో నేను ఏ తేదీ చెప్పినా ఎవరూ వినరు. వినాల్సిన అవసరమూ ఉండదు.

కోడలు వచ్చాక పోయినేడాది కేలండరు ఏదని అడిగాను.

"నువ్వొత్తావని ఇల్లు కడిగినాం కదా. వంటింటి అరల్లో పరిసేసినాను" అంది.

మర్నాడు గురువారం. ఆమె చేలోకి వెళ్ళగానే వంటింట్లో చిన్న స్టూలు అరల ముందు వేసుకుని కూర్చున్నాను. డబ్బాలు ఎత్తలేదు, రెండు చేతులతో పక్కకు జరిపాను. కందిపప్పు కింద మార్చి. చింతపండు కింద జూన్. కారం డబ్బా కింద నవంబరు దొరికింది. కార్తీక పౌర్ణమి గడిలో నా పెన్సిలు: పె. సూ. పెయ్యకు సూది అని. అయినా గేదెకు సూది ఎప్పుడో అది చెప్పదు. ఆగస్టు ఎక్కడా లేదు. చివరికి పాత ఆవకాయ జాడీ మిగిలింది. దాన్ని అంగుళం అంగుళం జరుపుతుంటే కోడలు వచ్చింది.

"అత్తా! వొంగొద్దన్నారు కాదేటి!"

"వొంగలేదే. కూకున్నాను. ఈ జాడీ ఎత్తు."

ఎత్తింది. కింద ఆగస్టు నూనెలో నానిపోయి అద్దంలా అయిపోయింది, వెనక పలక కూడా కనబడుతోంది. ఇరవై ఎనిమిదో గడిలో పెన్సిలు గీత మాత్రం చెక్కు చెదరలేదు. గే. సూ. కోడలు వేలు పెట్టి చదివింది. మళ్ళీ చదివింది. తరవాత కొంగుతో ఆ కాగితం మీది నూనె అద్ది, దొడ్లోకి వెళ్ళి పాల చెంబు బోర్లించి వచ్చింది.

సాయంత్రం మా అబ్బాయి ఆ కాగితం పట్టుకుని, "ఇది నువ్వు రాసిందే" అన్నాడు. నేను నోటితో చెబితే చెల్లలేదు. అదే నేను, ఎనిమిది నెలల కిందట పెన్సిలుతో చెబితే చెల్లింది. మర్నాడే పశువుల డాక్టరు వచ్చి, చెయ్యి పెట్టి చూసి, "ఎనిమిది నెలలు దాటినాది. ఇంకా పాలెవులు తియ్యమన్నారయ్యా?" అని వాణ్ణే తిట్టాడు. నాకు ప్రాణం కాస్త కుదుటపడింది.

ఒక్క విషయం వాళ్ళకు చెప్పలేదు. అదే ఆగస్టు కాగితం మీద పదకొండో గడిలో తో. 3 అని ఉంది. నా రాతే. అదేమిటో నాకు తెలియదు. తోట? తోటకూర? తోడు? మూడు ఏమిటి? ఇప్పటికీ తట్టలేదు.

జూలై నాలుగు వచ్చింది. గేదె తీరిగ్గా నెమరు వేస్తూ నిలబడింది. అయిదూ గడిచింది. ఆరోనాడు మా అబ్బాయి చొక్కా తొడుక్కుంటూ, "సెప్టెంబరేనేటమ్మా?" అని నవ్వాడు. కోడలు నవ్వలేదు, ఆగస్టు కాగితం తీసి మళ్ళీ చూసింది. నాకు ఆ చూడడమే ఎక్కువ గుచ్చుకుంది. డాక్టరు చెయ్యి పెట్టి చూశాడని తెలిసినా ఆ మూడు రోజులూ రోజుకు పదిసార్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆగస్టులో మిగిలినవి మూడు, సెప్టెంబరు ముప్పై, అక్టోబరు ముప్పై ఒకటి. ఒకసారి మూడు వందల పది వచ్చేది, ఒకసారి మూడు వందల తొమ్మిది.

ఏడో తేదీ, మంగళవారం, ఉదయం పదీ నలభైకి ఈనింది. మూడు వందల పదమూడో రోజు. పెయ్యదూడ. కాస్త సన్నగా ఉంది, కానీ అరగంటకు లేచి నిలబడింది. పాల పొంగుకైతే ఆరు నిమిషాలంటే ఆరు నిమిషాలే. కడుపులో ఉన్నది మూడు రోజులు అటూ ఇటూ అవుతుందని నాకు తెలియక కాదు. నన్ను చూసేవాళ్ళకు అది తెలియాలి కదా.

కోడలు మిరియాలూ బెల్లమూ వేసి జున్ను వండి, మొదటి ముక్క నాకు తెచ్చింది. తిన్నాను. మా అబ్బాయి ఫోను తీసి, "జూలై ఏడు, పెయ్య. రాసుకుంటన్నానమ్మా" అన్నాడు.

"ముందు ఆ కార్తీక పౌర్ణమి తుడిసెయ్. తరవాత ఆ కేలండరట్టుకురా."

తెచ్చాడు. పెన్సిలు కోడలు తెచ్చింది. పిండి డబ్బాలో దాచారట, కొస నిండా పిండి. జూలై ఏడో గడిలో రాశాను. ఈసారి పొట్టి అక్షరాలు కాదు. మా గేదె ఈనింది, పెయ్యదూడ, నేను చెప్పిన నాటికి మూడు రోజులు ఆలస్యం అని ఒక్క మాటా వదలకుండా రాశాను. గడి చాలక ఎనిమిదో తేదీలోకి, తొమ్మిదో తేదీలోకి కూడా పోయింది.