ఇరవై కిలోల విల్లు

విళ్లు చేసే ఆయన్ని అందరూ 'ఇంకాస్త' అనేవారు. ఎదురుగా కాదులెండి, చాటుగా. ఎవరొచ్చి "అయిందా?" అన్నా "ఇంకాస్త గీకాలి" అనేవాడు మరి. విల్లు మరీ బిర్రుగా ఉంటే లోపలివైపు కర్రను గాజుపెంకుతో గీకి మెత్తబరుస్తారు. గీకింది గీకినట్టే, మళ్లీ అతికించడానికి అదేమన్నా పిండా? ఆయనకి తెలియక కాదు. చెయ్యి ఆగేది కాదు, అంతే.

పదకొండేళ్లుగా ఇదే వరస. పనిగది గోడకి ఒక మేకు, దాని కింద వరసగా గీతలు. సగం చేసిన విల్లును మేకుకి తగిలించి, ఆ రోజుకి ఏ గీత దాకా లాగవచ్చో సుద్దతో గుర్తు పెడతాడు. దాటితే విరుగుతుంది. పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి లేవగానే బావమరిది వచ్చి లాగాడు. ఫట్‌మని విరిగి, పేడు ఎగిరి కుడికంట్లో దిగబడింది. "నువ్వు పెట్టిన గుర్తు దాకే లాగాను బావా" అన్నాడు రక్తం కారుతుంటే. ఆ కన్ను పోయింది.

అప్పట్నుంచి తన గుర్తుల్ని తనే నమ్మడు. ఏ విల్లు వంగినా ఆ చప్పుడే చెవిలో మోగుతుంది, పక్కవాళ్లకి వినబడదు. అది పోవాలని గీకుతాడు. ఇరవై కిలోల బిగువు అడిగితే పద్నాలుగుకి దించుతాడు. విలువిద్య నేర్పే మాస్టారు ఐదు విళ్లు తిప్పి పంపి, "ఈ ఒక్కటీ సరిగా రాకపోతే ఇక మీ గుమ్మం తొక్కను" అనేశాడు. మాస్టారు కూడా మానేస్తే కొనేవాళ్లు ఇంకెవరూ మిగలరు.

ఇవాళ మాస్టారి విల్లే మేకుకి ఉంది. తాడుకి కాటా తగిలించి నిండా లాగాడు. ముల్లు ఇరవై దగ్గర ఆగింది. రెండు కొనలూ సమంగా వంగాయి. అయిపోయిందయ్యా మహానుభావా, దించు! ఆయన దించలేదు, తాడు వదిలి గాజుపెంకు అందుకున్నాడు.

"ఎంత చూపించింది బావా?" స్టూలు మీద కూర్చున్న బావమరిది అడిగాడు.

"ఇరవై మూడు."

బావమరిది లేచి, కాటా ముల్లు చూస్తూ తాడు నిండా లాగాడు. "వద్దురా!" అని ఆయన మొహం కప్పుకున్నాడు.

"ఇరవయ్యే కదా. అబద్ధమెందుకు?"

"ఒరేయ్, నీ కన్ను తీసిన చెయ్యిరా ఇది. దీని లెక్క నేనెలా నమ్మను?"

వేరే రోజైతే బావమరిది, గురి చూడ్డానికి కన్ను మూసుకునే శ్రమ తప్పిందిలే అని నవ్వించేవాడు. ఇవాళ మెల్లగా తాడు వదిలాడు.

"ఆ రోజు గుర్తు దాటి లాగాను బావా. రెండు గీతలు. నీకంటే ముందు నేనే నిండా లాగానని గొప్ప చెప్పుకుందామని. తిడతావని అబద్ధమాడాను. తర్వాత నువ్వలా ఏడుస్తుంటే నోరు రాలేదు."

ఆయన పెంకును బల్ల మీద పెట్టాడు. కోపం రావాలి, రాలేదు.

"మీ అక్కకి తెలుసా?"

బావమరిది తల దించుకున్నాడు. "ఆస్పత్రిలోనే చెప్పాను."

లోపల్నుంచి భార్య కేకేసింది. "ఏమండీ, ఇద్దరూ భోజనానికి రండి, చల్లారిపోతోంది!"

ఆ పాపం తనదేనని ఆయన ఎన్నిసార్లు ఆమె ముందు కుమిలిపోయాడో లెక్కలేదు. ప్రతిసారీ ఆమె ఆయన కన్నీళ్లు తుడిచింది, అసలు మాట మాత్రం చెప్పలేదు. ఇన్నాళ్లూ పనిగదిలో అడుగుపెట్టాలంటే భయం. ఇప్పుడు ఇంట్లోకి వెళ్లాలంటే భయమేసింది.