ఐరన్ టాబ్లెట్, టీ గ్లాసు, మా అత్తయ్య మోకాలు

బాపట్లలో చుట్టాల పెళ్లి చూసుకుని రేపల్లెలో బస్సు దిగుతుంటే మా అత్తయ్య కుడికాలు మెట్టు మీదే ఉండిపోయింది. కిందికి రాదు, పైకి పోదు.

"దిగండి పిన్నిగారూ, డిపోకి తీసుకుపొమ్మంటారా?" అన్నాడు కండక్టరు. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. కళ్లలో మాత్రం నీళ్లు.

తెనాలిలో ఎక్స్‌రే తీశారు. మోకాలు మార్చాలన్నారు.

"మార్చండి బాబూ. రక్తం మాత్రం ఎక్కించొద్దు. మా మత నమ్మకం అది," అంది అత్తయ్య.

"ప్రాణం మీదికొస్తే?" అన్నారు డాక్టరుగారు.

"అప్పుడూ వద్దండి."

నాకా నమ్మకం లేదు. ఆయనేమంటారోనని చూశాను. డాక్టరుగారు మాత్రం కోప్పడలేదు. "అయితే ముందు ఉన్న రక్తం పెంచుకుందాం. హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నరే ఉంది, పన్నెండు దాటాలి," అని ఐరన్ టాబ్లెట్లు రాశారు.

నేనూరుకుంటానా? "మరి ఆపరేషన్‌లో రక్తం పోదాండీ?" అన్నాను. తొడకి టోర్నికే అని గట్టి పట్టీ బిగిస్తారట. రక్తస్రావం తగ్గడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తారట. టెస్టులకి కూడా చంటిపిల్లలకి వాడే చిన్న ట్యూబుల్లోనే తీస్తారట. "ఇంకా ఏమన్నా ఉన్నాయా అమ్మా, మీ ప్రశ్నలు?" అని నవ్వారాయన. లేవన్నాను.

నెల తర్వాత చూస్తే మళ్లీ తొమ్మిదిన్నరే. ఆపరేషన్ వాయిదా.

"టాబ్లెట్ దేంతో వేస్తున్నారు?"

"టీతోనండి. వికారమంటుంటే నేనే చిక్కగా కాచి ఇస్తున్నా."

ఆయన పెన్ను కింద పెట్టేశారు. "టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదమ్మా!"

నాకు తలెత్తబుద్ధి కాలేదు. అత్తయ్యే నా చెయ్యి నొక్కి, "టీ మాత్రం బాగుండేది లేవే," అంది.

ఆ తర్వాత టాబ్లెట్ నిమ్మకాయ నీళ్లతో, టీ రెండు గంటలాగాక. ఆవిడ గడియారం ముందే కూర్చునేది. రెండు నెలలకి పన్నెండు దాటింది. ఆపరేషన్ చేశారు.

మూడోరోజు నిలబెడితే కళ్లు తిరిగాయి. హిమోగ్లోబిన్ తొమ్మిదికి దిగింది. మా ఇద్దరిదీ ఒకే గ్రూపు. అడిగితే ఆ నిమిషమే ఇచ్చేదాన్ని. ఆవిడ అడగదు. పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకోవడం తప్ప నాకేం మిగల్లేదు. "ఆ పన్నెండు నుంచి దిగింది కాబట్టి తట్టుకుంది. ఆ రోజు తొమ్మిదిన్నర మీదే చేసుంటే?" అన్నారు డాక్టరుగారు. మర్నాటికి అంతకంటే దిగలేదు. వారంలో వాకర్ పట్టుకుంది.

ఇప్పుడు బస్సులో నాకంటే ముందు ఆవిడే దిగుతుంది.

చెప్పేది ఒకటే. ఏ టాబ్లెట్ దేంతో వేసుకోవాలో రాసిన రోజే అడగండి. ఆపరేషన్ గురించి అన్నీ అడిగిన నేను, అదొక్కటే అడగలేదు.