మీటర్‌కు దొరకని ఉప్పు

జబ్బు చేసిన రొయ్యను గట్టు మీద నుంచే గుర్తుపట్టే మొనగాణ్ణి నేను. ఎనిమిదిలో బడి మానేసినా ఆ విద్యలో నాకు తిరుగులేదు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెట్టే నా భార్య రమణమ్మ కాళ్ళు వాచిన సంగతి మాత్రం కనిపెట్టలేకపోయాను. ఒకరోజు చెప్పులు పట్టక వట్టి కాళ్ళతో రొయ్యల గుంట దగ్గరికి వచ్చింది. పాదం మీద వేలితో నొక్కితే పడిన సొట్ట అలాగే నిలిచింది.

నెల్లూరులో రక్తం, మూత్రం, స్కానింగ్ చూశారు. "క్రియాటినిన్ చాలా ఎక్కువుంది. రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. డయాలసిస్ మొదలుపెట్టాలి. ఉప్పు బాగా తగ్గించండి" అన్నారు డాక్టరుగారు.

"గుంటకు నీళ్ళు మార్చినట్టేలే" అన్నాను. రమణమ్మ నవ్వలేదు. "స్వాతికి చెప్పొద్దు" అంది.

స్వాతి మా ఒక్కగానొక్క కూతురు. బోగోలులో కాపురం. తొలి కాన్పుకు పుట్టింటికి పిలుచుకురావాలి కదా. ఆ నెలలోనే గుంటలకు వైట్‌స్పాట్ రోగం తగిలి రొయ్యలు చచ్చిపోతుంటే, మా ఇంటి నుంచి ఎవరూ పోలేదు. అత్తగారింట్లోనే కనింది. "మాయమ్మకు నాకంటే రొయ్యలే ఎక్కువ" అంది. "ఇంక నన్ను అమ్మా అని పిలవబాక" అంది ఈవిడ. రెండేళ్ళుగా మాటల్లేవు.

డయాలసిస్ మొదలైన మూడో నెలలో రమణమ్మ అన్నం మానేసింది. "ఈ చప్పిడి కూడు నా వల్ల కాదు. ఒక్క ఎండుచేప ముక్క పెట్టయ్యా" అంది. ముక్కల్ని మూడు నీళ్ళలో నానబెట్టాను. చివరి నీళ్ళ చుక్కను, గుంటలో ఉప్పు చూసే సెలినిటీ మీటర్ మీద వేశాను. సున్నా చూపించింది. నాలుగు రోజులు వరసగా పులుసు పెట్టాను. ముక్క లోపల ఉప్పు ఇంకా ఉంటుందని నాకు తట్టలేదు.

ఐదో రోజు పొద్దున ఆమెకు ఊపిరి ఆడలేదు. "లంగ్స్‌లో నీరు చేరింది. ఏం తినిపించారు?" అని ఎమర్జెన్సీలో అడిగితే ఎండుచేప పులుసని చెప్పాను. స్వాతికి ఫోన్ చేశాను.

బిడ్డను చంకనేసుకుని వచ్చింది. సంగతి విని, "మీటర్ పెట్టి చూసినావా నాయనా? ఆమె మనిషా, గుంటా?" అని అరిచింది.

ఆక్సిజన్ మాస్క్ కింద నుంచి, "నాయన్ననబాక. అడిగింది నేనే" అంది రమణమ్మ. రెండేళ్ళకు కూతురితో ఆడిన మొదటి మాట అదే.

స్వాతి బిడ్డను నా చేతికిచ్చి మంచం దగ్గరికి పోయింది. "నాకు నువ్వు పొయ్యని పురుడు నీకు నేను పోస్తా. మా ఇంటికి పద."

"కోపం పోయిందా?"

"పోలేదు. అయినా పద."

రమణమ్మ ఇప్పుడు బోగోలులో కూతురి దగ్గరే ఉంటోంది. కావలిలో వారానికి రెండు డయాలసిస్‌లు. ఒకరోజు ఇద్దరూ కబుర్లాడుకుంటారు, ఇంకోరోజు పాతవన్నీ తవ్వుకుని ఏడుస్తారు. మీకు చెప్పేదొక్కటే: కాలి మీద నొక్కిన సొట్ట నిలిస్తే, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.

మొన్న ఆదివారం పోయి, "నా ఎండుచేపే గదా మీ ఇద్దరినీ కలిపింది!" అన్నాను.

రమణమ్మ మనవరాలికి అన్నం కలుపుతూ తలెత్తలేదు. "గుంటల కాడ నేనుంటా, నువ్వు పొయ్యి బిడ్డను పిలుచుకోని రాయ్యా అని ఆ పొద్దు ఎన్నిసార్లు చెప్పినా? నువ్వు పోయుంటే ఈ చేపతో పనేముండేది?"