మా మేనత్త పంపిన మన్ను

అరవైల చివర విజయనగరంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా ఉండేవాణ్ణి. నాకు తెలియనిది లేదనుకునే వయసు. వానాకాలం మధ్యాహ్నాలు పిల్లలు వెళ్ళిపోయాక, మట్టి పరీక్ష చేసిన నాళికలు కిటికీలో వరసగా నిలబెట్టి వాటిలోంచి వాన చూస్తూ కూర్చునేవాణ్ణి. గులాబీరంగు వాన, గులాబీరంగు చెట్లు, వాటి కింద నడిచిపోయే గులాబీరంగు గొడుగులు. ఆ రంగు మాంగనీసుది. మట్టిలోంచి ఎంత ఎక్కువ దిగితే అంత చిక్కటి రంగు. విషం అంత అందంగా ఉంటుందని ఎవరనుకుంటారు?

ఆ ఏడు నా బల్ల మీదికి వచ్చిన మట్టి మా మేనత్తది. చీపురుపల్లి వైపు ఒక పల్లెలో ఆవిడకి ఒకే ఒక్క వరిమడి. మావయ్య ఉన్న రోజుల్లో ఇద్దరూ కలిసి గట్లు వేసి చదును చేసుకున్నది. దానికి ఎగువన ఒక కాంట్రాక్టరు మాంగనీసు రాయి గుట్టలుగా పోయించాడు. వాన పడితే నల్లనీళ్ళు మడిలోకి దిగేవి. మడి ఎలాగూ చచ్చిపోయింది, గుట్టలకి ఇచ్చెయ్యి, బదులు మెట్టలో ఇంకో ముక్క ఇస్తానని వెంటపడ్డాడు.

"ఒరే, ఊరంతా సచ్చిపోనాదంతన్నారు. నువ్వు సదువుకున్నోడివి, సూసి సెప్పు. నువ్వు నారు ఊడ్సమంటే ఊడుస్తాను, లేదంటే ఇచ్చెస్తాను," అంది అత్త.

"పొడిగా పంపు అత్తా," అన్నాను. అంతే అన్నాను.

వారం తిరక్కుండా ఊరివాళ్ళ చేత గుడ్డసంచిలో పంపింది. జల్లించిన పిండిలా ఉంది మట్టి. అత్త పనంటే పనే అని మురిసిపోయాను.

మట్టిలో లోహం మొత్తం ఎంతుందన్నది కాదు లెక్క, వేరుకి అందేదెంత అన్నది. గాదెలో ఎన్ని గింజలున్నా కంచంలోకి వచ్చిందే కదా కడుపులోకి పోయేది. అందుకని మట్టిని ఉప్పుద్రావణంలో గిలక్కొట్టి, వడకట్టి, ఆ నీటికి మందు కలిపి కాచి రంగు చూస్తాం. నాళిక వంగపండు రంగుకి తిరిగింది. ఆ పూటే ఉత్తరం రాసి పడేశాను, మడి విషం, నాటొద్దని.

అత్త ఉత్తరం చదివించుకుని కాంట్రాక్టరు కాగితం మీద వేలిముద్ర వేసేసింది.

నెల తర్వాత చూడ్డానికి వెళ్ళాను. వసారాలో పొయ్యి ముందు కూర్చుని మంగలంలో పేలాలు వేపుతోంది. ఓటికుండ కదా, అడుగంతా నల్లగా మాడి ఉంది.

"నీ మన్నూ ఇందులోనే ఏపినాన్రా," అంది. "పొడిగా పంపమన్నావు. ముసురులో ఎండ ఏదీ? తడిమన్ను మూటగట్టి కాలేజీకి పంపితే ఏటనుకుంటారు మనింటి గురించి?"

వేడి తగిలితే మట్టి పట్టి ఉంచుకున్న మాంగనీసుని వదిలేస్తుంది. ఈ సంగతి నేను చదివినదే, పిల్లలకి పాఠం చెప్పినదే.

మడికి పరుగెత్తాను. అప్పటికే మూడొంతులు నల్లరాయి కింద ఉంది. మిగిలిన మూల నుంచి ఒక డబ్బాడు తడిమన్ను ల్యాబుకి తెచ్చి, ఆరబెట్టకుండా పరీక్ష చేశాను. పసిపిల్ల అరికాలి రంగు వచ్చింది, అంతే. మిగతా మట్టిలో నాలుగు వరినారు మొక్కలు నాటి కిటికీలో పెట్టాను. పదిహేను రోజులు వానా, ఆకులూ, నేనూ. ఆ రోజుల్లో ఏ పాఠం చెప్పానో, ఎవరితో ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఒక్క ఆకు మీదా విషపు మచ్చ రాలేదు.

డబ్బా తీసుకెళ్ళి అత్త ముందు పెట్టాను. ఆకులు చేత్తో నిమిరింది.

"ఇది మన మడిదా? బతికే ఉన్నాదన్నమాట. మరి అలగెందుకు రాసినావు?"

"మందు కొలత తప్పాను అత్తా. నాదే పొరపాటు."

అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఎలా ఆరబెట్టావని ఒక్క మాట అడగవలసింది నేను.

"సదవేస్తే ఉన్న మతి పోనాదంటే ఇదే," అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత పెళ్ళిళ్ళలో ఎదురుపడినా మొహం తిప్పుకునేది. ఎంత బాధేసేదో చెప్పలేను. ముక్కుమీద కోపం నాది; నలుగురిలో నా చదువుని ఎత్తిపొడిచినప్పుడల్లా నిజం నాలిక చివరిదాకా వచ్చేది. మింగేవాణ్ణి. పోయేదాకా ఆవిడ తిట్టుకున్నది నన్నే, తన చేతుల్ని కాదు.