సోమశేఖర్ యాడుండాడు?

మొన్న మా గార్మెంట్స్‌లో నా నిర్వాకం వినండి. పాపం, ఒక మనిషికి బస్సు తప్పించినాను.

హిందూపురంలో తొమ్మిదేండ్లుగా బట్టలు చెకింగ్ చేస్తాండా. ఆ పొద్దు హెచ్చార్ మేడం మీటింగ్ పెట్టింది. "కుంటోడు, నల్లామె, పొట్టోడు అని ఎవరూ పిలవద్దండి. మనిషికి పేరుంటుంది కదా!" అందరమూ "సరే మేడం" అన్నాము.

పదిన్నరకు నీళ్లకు పోతే, గేటు కాడ కొత్తగా చేరిన సెక్యూరిటీ ఆయప్ప పిలిచినాడు. లోపలికి మా ఫోన్లు తేనియ్యరు, ఏదన్నా ఉంటే ఇంటోళ్లు గేటుకే ఫోన్ చేస్తారు.

"అమ్మా, సోమశేఖర్‌కు చెప్పు. వాళ్లింటామెను కాన్పుకు ధర్మవరం ఆస్పత్రిలో చేర్చినారంట. పదకొండు బస్సుకు బయల్దేరమను."

పరుగెత్తినా. అయితే సోమశేఖర్ ఎవరు? నాకు గట్టిగా మాట్లాడాలంటే సిగ్గు. మా చెకింగ్ టేబుళ్ల కాడ ఒక్కొక్కరి చెవి కాడికి పోయి అడిగినా.

"ఆ పేరోడు ఈడ లేడక్కా."

"పక్క యూనిట్‌లో చూడు పో!"

ఆడికీ పోయినా. లేడు. పదకొండు దాటిపాయ.

చెమటలు కారతా వచ్చి నిలబడితే, ఇస్త్రీ టేబుల్ కాడ నుంచి కుంటన్న చూసినాడు. అందరమూ అట్లే పిలుస్తాం. రోజూ మధ్యాన్నం నా పక్కనే కూర్చొని తింటాడు.

"ఏమక్కా, అరగంట నుంచి తిరగతాండావు? ఎవరు కావల్ల?"

"ఎవరో సోమశేఖరంట. ఇంటామెకు నొప్పులంట..."

ఇస్త్రీపెట్టె ఠక్కున పెట్టేసినాడు.

"అయ్యో అక్కా! అది నేనే గదా!"

భార్య కాన్పుకు పుట్టింటికి పోయిందని పోయిన నెల నాకే చెప్పినాడు. పేరు మాత్రం ఏపొద్దూ నేనడగలేదు.

ఇద్దరమూ గేటుకు ఉరికినాము. పెనుకొండ మీద ధర్మవరం పోయే బస్సు ఎప్పుడో పోయింది.

"ఇంత లేటా? ఎవరప్పా నీకు చెప్పింది?" అన్నాడు సెక్యూరిటీ.

"ఈ మూగక్క!" అని, టక్కున నాలిక కరుచుకున్నాడు సోమశేఖరన్న.

"పేరు చెప్పప్పా, పేరు!" అన్నాడు సెక్యూరిటీ.

ఆయన నా మొహం చూసినాడు. నా పేరు తెలిస్తే గదా!

ఇంకో బస్సుకు పోయినాడు. పోయేసరికి ఆడబిడ్డ పుట్టి నిద్రపోతాండిందంట. తల్లీ బిడ్డా బాగుండారు.

ఊరికే మూగక్క అన్నారా? హాల్లో నిలబడి "సోమశేఖర్!" అని ఒక్క కేక పెట్టింటే బస్సు అందేది. నా పేరు రత్నమ్మ అని ఆ పొద్దు గేటు కాడనే వాళ్లిద్దరికీ చెబుదామనుకున్నా.

నోరు రాలేదు.